ఈశాన్యంలో ఎర్తు గొయ్యి

మా బావగారు, అంటే మా ఆయన అన్నగారు, మనిషిని కొట్టబోయే ముందు చేతి గడియారం విప్పి వరండా కిటికీలో పెడతారు. గడియారానికి దెబ్బ తగలకూడదు కదా. ఆ దెబ్బలు తినే మనిషి ఎప్పుడూ ఒక్కరే, ఆయన భార్య. వరసకి నాకు తోటికోడలు. నేను అక్కా అంటాను. శ్రీకాకుళంలో ఆ ఇంటికి నేను కాపురానికి వెళ్ళిన కొత్తలో, కిటికీలో గడియారం కనిపించగానే మా అత్తగారు లేచి వెళ్ళి గ్రైండరు వేసేవారు. అందులో పప్పూ ఉండదు, బియ్యమూ ఉండవు. ఉత్త రాయి గరగరా తిరిగేది. వీధిలోవాళ్ళకి అక్క ఏడుపు వినబడకూడదని.

"ఏటత్తా, ఏటి రుబ్బుతన్నారు?" అని అడిగాను మొదటిసారి, నిజంగానే తెలియక.

"నువ్వు పైకెల్లు," అన్నారావిడ, నా మొహం చూడకుండా.

అత్తగారు పోయాక ఆ బాధ్యత మా ఆయన తీసుకున్నాడు. మేం మేడ మీద ఉంటాం, వాళ్ళు కింద. కింద మొదలవగానే మా ఆయన టీవీ సౌండు పెంచేవాడు. మా ఆయన మంచివాడని ఊరంతా అంటారు. మంచివాడంటే అన్నగారి ముందు నోరు తెరవనివాడని అర్థం. నాకు అలాంటి మంచితనం లేదు. విజయనగరంలో మా నాన్నది కిరాణా కొట్టు. గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని, నోరు పెంచడం నాకొకరు నేర్పక్కర్లేదు. ఒకరోజు కింద అక్క తల గోడకి తగిలిన చప్పుడు వినబడి, చేతిలో ఉన్న ఇత్తడి చెంబు మెట్ల మీంచి విసిరాను. బావగారి భుజానికి తగిలింది. ఆయన భుజం పట్టుకుని పైకి చూసి, "ఆడగుంటవి కాబట్టి ఒగ్గీసేను," అన్నారు. మా ఆయన ఆ రాత్రంతా క్షమాపణ చెప్పమని బతిమాలాడు. చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఇక కారు సంగతి. ఎచ్చెర్ల దగ్గర ఒక కాలేజీలో లైబ్రరీ చూస్తాను. ఇక్కణ్ణుంచి ఎంత దూరం? ఇలా హైవే ఎక్కి అలా దిగడమే. ఆ కాస్త దూరానికి ఏళ్ళ తరబడి షేరాటోల్లో ఒళ్ళు హూనం చేసుకున్నాను. ఒక పక్క చేపల గంప, ఇంకో పక్క ఎవరిదో మోకాలు, డ్రైవరు కూర్చున్న బద్ద మీద ఇంకో ఇద్దరు. ఒకరోజు బస్సుని దాటబోయి ఆటో పక్కకి పడిపోయింది. నా మీద ముగ్గురు పడ్డారు. మోకాలి చిప్ప చీలింది. లేచి కుంటుకుంటూ వెళ్ళి ఆ డ్రైవరు చొక్కా పట్టుకుని రెండు చెంపలూ వాయించాను. జనం నన్నే పట్టుకుని ఆపారు.

మోకాలు అతుక్కున్నాక కాలేజీలో ఎవరో లీజు సంగతి చెప్పారు. కరెంటు కారు, కొనక్కర్లేదు, నెలనెలా జీతంలోంచి పోతుంది, గడువు అయ్యాక ఉంచుకుంటే ఉంచుకో, లేకపోతే తిరిగిచ్చెయ్. రోజూ కాస్త దూరం తిరిగేవాళ్ళకి వారానికి రెండుసార్లు చార్జింగు పెడితే చాలన్నారు. కారు తెచ్చిన కుర్రాడు తాళం చేతికిస్తూ ఒకటే మాట పదిసార్లు చెప్పాడు, "గీత పడినా సొట్ట పడినా మాకు చెప్పాల మేడమ్, కారు కంపెనీది కదా." సరే బాబూ, నీ కారుకి సొట్ట పడనిస్తానా అన్నాను.

మా ఇంట్లో ఏ బండి వచ్చినా పెద్దవాడు దిష్టి తియ్యాలి. బావగారు తెల్ల పంచె కట్టుకుని బూడిద గుమ్మడికాయ తలపైకెత్తి కారు ముందు నేలకేసి కొట్టారు. ఆ కొట్టుడికి ముక్క ఎగిరి వచ్చి నా నుదుటికి తగిలింది, కుంకుమ నీళ్ళు చీరంతా పడ్డాయి. తర్వాత ముందు సీట్లో తనే కూర్చుని ఏడు రోడ్ల జంక్షన్ దాకా తిప్పించుకున్నారు. దారిలో తెలిసినవాళ్ళు కనబడితే అద్దం దించి, "మా మరదలికి కారు తీసేను," అని చెప్పారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మూసుకున్నాను, ఎందుకంటే చార్జింగు పెట్టుకునేది కింద వరండాలో, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న మీటరు మీద.

సాయంత్రం ప్లగ్గు పెడితే చార్జరు డబ్బా మీద ఎర్ర దీపం వెలిగింది. తీసి పెట్టాం, మళ్ళీ ఎర్ర దీపమే. కంపెనీ కుర్రాడికి ఫోను చేస్తే, "మీ ఇంట్లో ఎర్తు లేదు మేడమ్. ఎర్తు లేకపోతే కారు చార్జింగు తీసుకోదు," అన్నాడు.

"ఎర్తు లేకపోవడమేటి?" అని బావగారు లేచారు. "నాను కాంట్రాక్టర్ని. ఊళ్ళో సగం ఇళ్ళు నాను కట్టేను. నా ఇంట్లో ఎర్తు లేదా?"

ఉండాల్సిన మాటే. ఆగ్నేయం మూల నేలలోంచి గొట్టం పైకి లేచి ఉంటుంది, చుట్టూ చిన్న సిమెంటు గట్టు. ఎండాకాలం ఎర్తు ఎండిపోకూడదని అత్తగారు అందులో ఉప్పు వేసి బిందెడు నీళ్ళు పోసేవారు. ఆవిడ పోయాక అక్క పోసేది, శుక్రవారం శుక్రవారం, మొక్కు తీర్చుకున్నట్టు. ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ గట్టు పక్కన గెడ్డపారతో తవ్వాడు. గొట్టం ఉంది. గొట్టానికి వైరు లేదు. మీటరు దగ్గర వైరు చివర వేలాడుతోంది, అది ఏ గొట్టానికీ వెళ్ళడం లేదు.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. ఇల్లు కట్టినప్పుడు ఎర్తు గొయ్యి ఈశాన్యం మూల తవ్వారు. ఆ తర్వాత ఒక వాస్తు పెద్దాయన వచ్చి, ఈశాన్యంలో నిప్పు పాతిపెట్టారు, అందుకే మీకు పనులు రావడం లేదన్నాడట. బావగారు ఆ రోజే గోతిలో పాతిన ఎర్తు రేకు పెకలించి గొయ్యి పూడ్పించి ఆగ్నేయంలో కొత్త గొయ్యి తవ్వించారు. గొట్టం దింపారు. వైరు మాత్రం కలపలేదు. కలపాలంటే మీటరు నుంచి వైరు ఈశాన్యం మీంచే రావాలి కదా! గొట్టం ఆగ్నేయంలో కనబడుతోంది, వాస్తు కుదిరింది, పనులు కూడా వచ్చాయి, ఇంక వైరుతో ఏం పని? అక్క ఇన్నేళ్ళూ బిందెలు మోసి నీళ్ళు పోసింది ఉత్త గొట్టానికి. నాకు నవ్వాగలేదు. పైకే నవ్వాను. అక్క కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. అది బావగారు చూశారు.

"తూర్పు గోడ పక్క నుంచి వైరు లాగీమంటారేటి? ఒక పూట పని," అన్నాడు ఎలక్ట్రీషియన్.

"ఈశాన్యం ముట్టుకున్నావంటే కాలిరగ్గొడతాను. న్యూట్రల్ ఉన్నాది కదా, దాన్లో కలిపీ. మా సైట్లల్లో మోటార్లకి అలగే కలుపుతాం."

"అలగ తప్పండి బాబూ. న్యూట్రల్ తెగిందంటే కారు బాడీకి కరెంటొచ్చీస్తాది."

బావగారి చెయ్యి లేచి అతని మెడ మీద పడింది. గడియారం తియ్యలేదు, అంటే అది ఆయన లెక్కలో కొట్టడం కాదన్నమాట. ఎలక్ట్రీషియన్ మెడ రుద్దుకుని నా వైపు చూశాడు. నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన, "అన్నయ్యతో గొడవేల, ఈ నెలకి అలగే కానీ, తర్వాత సూద్దాం," అన్నాడు. ఎలక్ట్రీషియన్ ముక్క వైరు వేసి కలిపాడు. పచ్చ దీపం వెలిగింది. బావగారు మీసం దువ్వుకుంటూ ఫోను మాట్లాడుకుంటూ వీధిలోకి వెళ్ళిపోయారు.

అతను సామాన్లు సర్దుకుంటూ మా ఇద్దరికీ చెప్పాడు, నాకూ అక్కకీ. "వీధంతా దీపాలెలిగి మనింట్లో మాత్రం ఆరిపోయిందనుకోండి, న్యూట్రల్ తెగిందన్నమాట, కారు ముట్టుకోకండమ్మా. ముందీ మెయిన్ దించీయండి. అది దించితే ఇంక భయం లేదు." మీటరు పెట్టె పక్కనున్న పెద్ద స్విచ్చి ఒకసారి దించి, ఎత్తి చూపించాడు. అక్కచేత కూడా దింపించాడు. అది బిగుసుకుపోయి ఉండేది, రెండు చేతులూ వేసి లాగితే గానీ దిగలేదు. నేను ఆ రోజు నుంచి రబ్బరు చెప్పులేసుకుని, ముందు మెయిన్ దించి, ప్లగ్గు పెట్టి, అప్పుడు మెయిన్ ఎత్తేదాన్ని. తియ్యాలన్నా అంతే. ఒక్కోసారి అక్కే చేసేది.

ఆ వేసవిలోనే అక్క చెయ్యి విరిగింది. పులుసులో ఉప్పెక్కువైందని గిన్నె విసిరితే అడ్డం పెట్టుకుంది. మణికట్టు దగ్గర ఎముక. కట్టు కట్టించడానికి నా కార్లోనే తీసుకెళ్ళాను. ఆ కారులో చప్పుడుండదు కదా, పక్కన మనిషి ఊపిరి పీల్చుకున్నా వినబడుతుంది. అక్క ఏడవకుండా ఏడుస్తోంది. నేను తిట్టడం మొదలుపెట్టాను. బావగారిని తిట్టాను, మా ఆయన్ని తిట్టాను, పోయిన అత్తగారిని తిట్టాను, ఆఖరికి అక్కనే తిట్టాను.

"ఇంకెన్నాళ్ళు పడతావు? ఎలిపో ఎక్కడికైనా!"

"ఎక్కడికెల్తాను సెల్లీ? నాకేటొచ్చు? వొండడమొకటే వొచ్చు."

వండడం వస్తే చాలు. మా కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో వంటశాల చూసుకునే మనిషి కావాలని అప్పటికే అడుగుతున్నారు. కట్టు విప్పగానే నేనే మాట్లాడాను. బావగారు ఒప్పుకోరని మా ఆయన అన్నాడు. ఒప్పుకున్నారు! ఎలాగంటే, ముందు గట్టిగా అరిచారు, "మా ఇంటి ఆడది ఆటోలో, బస్సులో పడి ఎల్తాదా? నలుగురేటంటారు?" అని. "ఆటో ఏల బావగారూ, మీరు తీసిన కారుంది కదా," అన్నాను. ఏడు రోడ్ల జంక్షన్ దాకా తిరిగి చెప్పుకున్న మాటని ఎలా వెనక్కి తీసుకుంటారు? "కార్లో అయితే ఎల్లమను. కారు లేన్నాడు గడప దాటడానికి లేదు," అన్నారు. ఆ మాట అక్క ముందే, నా ముందే అన్నారు. అంటే అక్క ఉద్యోగం ఆ కారు చక్రాల మీద ఉందన్నమాట.

ఇంక చూడండి అక్కని. మొదటి వారం కారు అద్దంలోంచి నాగావళి వంతెన చూస్తూ మాట్లాడకుండా కూర్చునేది. తర్వాత మాట్లాడ్డం మొదలుపెట్టింది. వంటవాడు నూనె దాచేస్తున్నాడని పట్టుకుంది. పిల్లలు అక్కని పెద్దమ్మా అని పిలుస్తున్నారట. ఒక పిల్లకి జ్వరం వస్తే జావ కాచి పెట్టిందట. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు, మా వీధి మలుపు తిరుగుతుండగా, ఆ మాటలన్నీ టక్కున ఆగిపోయేవి. కొంగు సర్దుకుని, నిన్నటి దెబ్బ కనిపించకుండా జాకెట్టు చెయ్యి కిందకి లాక్కునేది. నాకు స్టీరింగు విరగ్గొట్టాలనిపించేది.

దెబ్బలు తగ్గలేదు. ఇంకా చెప్పాలంటే పెరిగాయి, ఎందుకంటే అక్క తిరిగి మాట్లాడుతోంది. "అన్నం సల్లారింది," అంటే, "ఎచ్చబెట్టుకోండి," అందట. కిటికీలో గడియారం పడింది. నేను మేడ మీద టీవీ కట్టేసి, మా ఆయన చేతిలోంచి రిమోటు లాక్కుని పెరట్లోకి విసిరేశాను. ఇద్దరం ఆ చప్పుడు పూర్తిగా విన్నాం. మా ఆయన చెవులు మూసుకుంటే చేతులు లాగేశాను. "ఇను. నీ అన్నే కదా, ఇను," అన్నాను.

వానలు పట్టాయి. బంగాళాఖాతంలో వాయుగుండమట, రెండు రోజులుగా గాలీ వానా. ఆ సాయంత్రం నేను కారు తెచ్చి వాకిట్లో రేకుల కింద పెట్టి, చార్జింగు పెట్టి పైకి వెళ్ళాను. బావగారు టీ కొట్టు దగ్గర్నుంచి తడుస్తూ వచ్చారు. ఎవరో అన్నారట అక్కడ, "ఏటి బావా, కారు తీసేనని సెప్తావు, అది అద్దె కారట కదా, కంపెనీవోడు పట్టుకెలిపోతాడట." ఆయన కోపంతో ఊగిపోతున్నారు. తాగి ఉంటే బాగుండేది, తాగినవాడికి కనీసం చెయ్యి గురి తప్పుతుంది. ఆయన చుక్క ముట్టరు.

"ఒసే! రేపట్నుంచి ఎల్లక్కర్లేదు. అద్దె కార్లో ఊరేగతన్నావా?"

మెట్ల మీద నించుని వింటున్నాను. అక్క గొంతు మామూలుగా ఉంది. "ఎల్తాను. పిల్లలకి టిపినీలు సూడాల."

దెబ్బ. "ఎల్లవు."

"ఎల్తాను."

ఇంకో దెబ్బ. నేను కిందకి దిగేసరికి అక్క పెదవి చీలి గడ్డం మీద రక్తం కారుతోంది. వరండా గోడకి ఆనుకుని, మీటరు పెట్టె పక్కన నించుంది. కిటికీలో గడియారం ఉంది. "బావగారూ, ఇంకొక్క దెబ్బ పడిందంటే పోలీసులకి ఫోను చేస్తాను," అని ఫోను తీశాను. ఆయన నన్ను భుజం పట్టుకుని తోసేశారు. మెట్టు మీద పడ్డాను, పాత మోకాలే మళ్ళీ తగిలింది. అప్పుడే పెద్ద గాలి కొట్టింది, బయట స్తంభం దగ్గర టప్ మని చప్పుడయ్యింది, ఇంట్లో దీపాలు ఆరిపోయాయి.

"కారుంటే కదా ఎల్తావు," అన్నారు బావగారు ఆ చీకట్లో. వరండా మూల ఎప్పుడూ ఉండే గునపం తీసుకుని వానలోకి దిగారు. చెప్పుల్లేవు. వాకిట్లో మడమలు మునిగేటన్ని నీళ్ళు.

నేను వీధి వైపు చూశాను. ఎదురింట్లో దీపం ఉంది. స్తంభం మీద దీపం ఉంది. వీధంతా దీపాలే. మా ఇల్లొక్కటే చీకటి.

నాకు ఎలక్ట్రీషియన్ చెప్పిన మాట గుర్తొచ్చేలోపే ఆయన మొదటి దెబ్బ వేశారు, ముందు అద్దం మీద. అద్దం భళ్ళుమంది. రెండో దెబ్బ బానెట్ మీద, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి. గునపం మొన రేకులో దిగబడింది. దిగబడి ఇంక పైకి లేవలేదు. ఆయన చేతులూ లేవలేదు. ఒళ్ళంతా బిగుసుకుపోయి గడగడా వణుకుతోంది. గొంతులోంచి ఏదో చప్పుడు వస్తోంది, మాట కాదు, ఏడుపూ కాదు. పట్టిన గునపాన్ని వదలాలన్నా వదల్లేకపోతున్నారు.

మా ఆయన మేడ మీంచి పరుగెత్తుకొచ్చాడు. "అన్నయ్యా!" అని వానలోకి దూకబోతే నేను నడుం పట్టుకుని వెనక్కి లాగాను. వదలమని మోచేత్తో నా మొహం మీద కొట్టాడు. నేను జుట్టు పట్టుకున్నాను, వీపు మీద గుద్దాను, కొరికాను కూడా. "ముట్టుకుంటే నువ్వూ పోతావు!" ఇద్దరం వరండా మీద పడి దొర్లుతున్నాం. పడి ఉండే అరిచాను, "అక్కా! మెయిన్! మెయిన్ దించు!"

అక్క మెయిన్ దగ్గరే ఉంది. రెండు చేతులూ స్విచ్చి మీదే ఉన్నాయి. ఎప్పుడు వేసిందో తెలియదు, నేను అరవకముందే వేసి ఉంది. కిందకి లాగడమే మిగిలింది. లాగడం లేదు. బావగారి వైపు చూస్తోంది. బావగారి మెడ అటే తిరిగి బిగుసుకుపోయి ఉంది, కళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వీధి దీపం వెలుగు ఇద్దరి మొహాల మీదా పడుతోంది. ఆయన ఆమెను చూస్తున్నారు. ఆమె చేతులు ఎక్కడున్నాయో చూస్తున్నారు.

"అక్కా! నీకు దండం పెడతాను, దించు!"

నిజం చెప్తాను. బావగారి మీద ప్రేమతో అరవలేదు. ఆయన చస్తే చావనీ అనే అనిపించింది. అక్క జైలుకు పోతుందేమో, హాస్టలు, ఆ పిల్లలు, ఆ పెద్దమ్మా అనే పిలుపు అన్నీ పోతాయేమో అన్న భయంతో అరిచాను. గొంతు చీరుకుపోయేలా మళ్ళీ మళ్ళీ అరిచాను. ఎంతసేపో నాకు తెలియదు. ఎవరిని అడిగినా చెప్పలేరు.

టక్ మంది స్విచ్చి. బావగారు నీళ్ళలో వెల్లకిలా పడ్డారు.

బతికారు. ఆస్పత్రిలో చాలా రోజులున్నారు. కుడి అరచెయ్యి కాలిపోయింది, రెండు వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి, ఇంక సాగవన్నారు. కళ్ళు తెరిచి మాట వచ్చిన రోజు ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మెయిన్ ఎవులు దించేరు?"

"వదినే అన్నయ్యా. వదినే దించి నిన్ను బతికించింది," అని మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

మంచం పక్కన అక్క బత్తాయి తొనలు తీస్తోంది. బావగారు ఆమె వైపు చూడలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. చూడ్డానికి వచ్చిన చుట్టాలందరూ అక్క పసుపు కుంకుమలు గట్టివన్నారు, చీకట్లో అంత తెలివిగా మెయిన్ దించిందంటే మాటలా అన్నారు. అక్క తొనలు తీస్తూనే ఉంది.

కంపెనీ కుర్రాడు వచ్చి కారు చూసి తల పట్టుకున్నాడు. "సొట్ట పడితే చెప్పమన్నావు కదా, ఇదిగో," అన్నాను. "దేంతో తగిలింది మేడమ్?" అన్నాడు. "గునపంతో," అన్నాను. అతను నా పగిలిన పెదవి వైపు చూశాడు, అది మా ఆయన మోచేతి దెబ్బ. కారు బాగుకి లాక్కెళ్ళే బండి కోసం ఫోను చేశాడు.

కారు బాగై వచ్చేలోపు ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ ముక్క వైరు పీకించేశాను. వాకిలి పగలగొట్టించి, ఈశాన్యం మూలే గొయ్యి తవ్వించి, రేకు పాతి, ఉప్పూ బొగ్గూ వేయించి, సరైన ఎర్తు పెట్టించాను. బావగారు ఆస్పత్రి నుంచి వచ్చేసి వరండాలో కుర్చీలో కూర్చుని చూశారు. కాలిరగ్గొడతాననలేదు. మా ఆయనే, "అన్నయ్యా, ఈశాన్యం..." అని గొణిగితే, "తవ్వనీ," అన్నారు.

కారు బాగై వచ్చిన మర్నాటి నుంచే అక్క పనికి వెళ్ళింది. బావగారి గడియారం ఇప్పుడు ఎడం చేతికే ఉంటుంది, కిటికీలోకి రాదు. విప్పుకోవాలన్నా ఆ ముడుచుకుపోయిన వేళ్ళతో కష్టమే. కానీ కారణం వేళ్ళు కాదని నాకు తెలుసు. సాయంత్రం మేం ఇంటికి రాగానే అక్క, "నువ్వు పైకెల్లు, సార్జింగ్ నాను పెడతాను," అంటుంది. ఎర్తు బాగానే ఉంది, ఇప్పుడు మెయిన్ దించి ఎత్తాల్సిన పని లేదు. అయినా దించుతుంది. ఆమె చేతులు ఆ స్విచ్చి మీద పడగానే, ఎంత హాయిగా టీ తాగుతున్నా సరే, బావగారు గ్లాసు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోతారు. దాన్ని చూస్తే నాకు సంతోషంగానే ఉంటుంది. ఎందుకు అబద్ధమాడాలి?

మొన్న ఎచ్చెర్ల వెళ్తూ హైవే మీద అడిగాను. చాలాకాలంగా నోట్లో నలుగుతున్న మాట. ఆ గాలీ వానలో, మా ఇద్దరి గొడవలో వినబడలేదేమో, స్విచ్చి బిగుసుకుపోయిందేమో అని నాకు నేను సర్ది చెప్పుకుంటూ వచ్చాను.

"అక్కా, ఆ రోజు అన్నిసార్లు అరిచాను కదా. వానలో నీకు నా కేక వినబడలేదా?"

అక్క ఒళ్ళో టిఫిన్ డబ్బా సర్దుకుంది. రోడ్డు వైపే చూస్తోంది.

"మొదటి కేకే ఇనబడ్డాది సెల్లీ," అంది. "బేగి పోనీ, పిల్లలకి టిపినీ టైమైపోతన్నాది."